గడ్డకట్టని ఏటిలో ట్రౌట్ వేట



చలికాలంలో చేపల వేట అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది పొగమంచులో గోదావరి మీద కదిలే నావలు, పుష్యమాసపు వేకువన చెరువుగట్టు మీద ఆరవేసిన వలలు. ఈ ప్రసంగానికి విషయమైన వేట వీటికి చాలా దూరమైనది. ఉత్తర అమెరికాలోని పర్వత ప్రాంతాలలో, గాలి చలి సున్నా డిగ్రీల కన్నా కిందికి దిగిన జనవరి నెలలో, ఒడ్డు పొడవునా మంచు పేరుకున్న ఏటిలోకి మోకాలిలోతు, ఒక్కొక్కసారి నడుములోతు దిగి, జీలకర్ర గింజంత కృత్రిమమైన పురుగును ఎరగా వేసి, పట్టిన చేపను మళ్లీ ఆ నీటిలోకే వదిలివేసే వేట అది. వినడానికి వెర్రిగా తోచినా, ఇందులోని ప్రతి పద్ధతికీ, ప్రతి పనిముట్టుకూ ఒక కారణం ఉంది. ఆ కారణాలను వెతుక్కుంటూ పోతే అన్నీ నీటి ఉష్ణోగ్రత దగ్గరకే చేరుతాయి.

ట్రౌట్ అనేది సాల్మన్ కుటుంబానికి చెందిన చేప. ఇందులో వేటగాళ్లకు ముఖ్యమైనవి రెండు. ఒకటి, పక్కల వెంట గులాబీరంగు చార ఉండే రెయిన్‌బో ట్రౌట్. దీని జన్మస్థానం ఉత్తర అమెరికా పడమటి తీరమూ, సముద్రానికి ఆవలనున్న రష్యాలోని కమ్చట్కా ప్రాంతమూను. రెండవది, గోధుమవన్నె ఒంటి మీద నల్లని, ఎర్రని చుక్కలుండే బ్రౌన్ ట్రౌట్. ఇది యూరప్ చేప, 1880లలో జర్మనీ నుంచి గుడ్ల రూపంలో అమెరికాకు చేరింది. ఈ రెండింటికీ చల్లని నీరు కావాలి, అందుకు రెండు కారణాలున్నాయి. చేపకు సొంతంగా ఒంటి వేడిని నిలుపుకునే ఏర్పాటు లేదు గనుక చుట్టూ ఉన్న నీరు ఎంత వేడిగా ఉంటే దాని శరీరమూ అంతే వేడిగా ఉంటుంది, దాని ఆకలి, అరుగుదల, కదలిక అన్నీ ఆ వేడికి లోబడి నడుస్తాయి. ఇక నీరు చల్లబడినకొద్దీ అందులో కరిగి ఉండగలిగే ప్రాణవాయువు పెరుగుతుంది. సున్నా డిగ్రీల వద్ద లీటరు నీటిలో 14.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడితే, 20 డిగ్రీల వద్ద 9 మిల్లీగ్రాములకు కాస్త పైన మాత్రమే ఇముడుతుంది. ప్రవాహానికి ఎదురీదుతూ బతికే ట్రౌట్‌కు ఈ తేడా ప్రాణావసరం. దాదాపు 10 నుంచి 16 డిగ్రీల నీటిలో అది చురుకుగా తిరిగి మేస్తుంది, 25 డిగ్రీలు దాటితే బతకడమే కష్టమవుతుంది. కృష్ణా గోదావరులలో శీలావతి, బొచ్చె, కొర్రమేను హాయిగా పెరుగుతుండగా ట్రౌట్ మచ్చుకైనా కనిపించకపోవడానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కరలేదు.

నీరు 4 డిగ్రీలకు దిగినప్పుడు ట్రౌట్ చావదు గాని మందగిస్తుంది. తిన్నది అరగడానికి ఎక్కువ సమయం పడుతుంది కనుక ఆకలి తగ్గుతుంది. ఆహారం కోసం పరుగెత్తి ఖర్చుచేసే శక్తి, ఆ ఆహారం నుంచి దక్కే శక్తి కన్నా ఎక్కువైతే నష్టమే కనుక, వడిగల నీటిని విడిచి, లోతుగా, నిదానంగా సాగే మడుగుల అడుగుకు చేరి, మూతి ముందుకు కొట్టుకొచ్చిన దానినే తింటుంది. వేసవిలో రెండు మూడు అడుగులు పక్కకు దూకి ఎరను అందుకునే చేప, జనవరిలో జానెడు దూరం కూడా జరగడానికి ఇష్టపడదు. అందువల్ల శీతాకాలపు వేటంటే చేపను రప్పించే విద్య కాదు, చేప ఉన్నచోటికే ఎరను చేర్చే విద్య.

ఈ విద్య పేరు ఫ్లై ఫిషింగ్, అంటే ఈగ ఎరతో వేసే గాలం. మామూలు గాలంలో దారం చివర కట్టిన సీసపు గుండు బరువుకు ఎర దూరంగా వెళ్లి పడుతుంది, దారం దాని వెనక సాగిపోతుంది. ఈగ గాలంలో ఆ వరస తలకిందులవుతుంది. ఈక, ఊలు, పట్టుదారం వంటివాటిని చిన్న కొక్కేనికి చుట్టి తయారుచేసిన ఈగకు చెప్పుకోదగిన బరువే ఉండదు, దానిని విసరడం పక్షి ఈకను విసరడం వంటిది. కాబట్టి బరువును దారంలోనే పెడతారు. లావుగా, నునుపుగా ఉండే ఈ దారానికి బరువును బట్టి అంకెలుంటాయి. ట్రౌట్ వేటలో ఎక్కువగా వాడే 5వ అంకె దారంలో మొదటి 30 అడుగుల తూకం సుమారు 9 గ్రాములు. తొమ్మిది అడుగుల సన్నని కర్రను ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు ఈ దారం గాలిలో మడతలు విప్పుకుంటూ చాచుకుంటుంది, ఈగ దాని కొసన ప్రయాణం చేసి నీటి మీద వాలుతుంది. లావు దారానికీ ఈగకూ నడుమ, చేప కంటికి ఆనని సన్నని పారదర్శకమైన కొసదారం ఒకటి ఉంటుంది. దీనిని టిప్పెట్ అంటారు.

ఈ పద్ధతి చాలా పాతది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో గ్రీకు భాషలో రచనలు చేసిన రోమన్ రచయిత ఈలియన్, జంతువుల స్వభావాన్ని గురించిన తన గ్రంథంలో, మాసిడోనియాలోని ఒక నదిలో చుక్కల చేపలను పట్టడానికి అక్కడివారు కొక్కేనికి ఎర్రని ఊలు చుట్టి, కోడిపుంజు మెడ ఈకలు కట్టి వాడతారని వివరించాడు. శీతాకాలపు వేటకు మరింత దగ్గరైన సాక్ష్యం ఇంగ్లండులో దొరుకుతుంది. ఐజాక్ వాల్టన్ 1653లో ప్రచురించిన ‘ది కంప్లీట్ ఆంగ్లర్’ అనే ప్రసిద్ధ గ్రంథానికి 1676లో చార్లెస్ కాటన్ రెండవ భాగం రాసి, అందులో ఏ నెలలో ఏ ఈగ వాడాలో జనవరి నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పాడు. ఆ జనవరి పట్టికలో, కట్టగలిగినంత చిన్నగా కట్టవలసిన ఒక మసకరంగు దోమ ఉంది. గుర్రపు తోక వెంట్రుకలను పేని దారాలు చేసుకునే ఆ రోజులలో, దీనికి మాత్రం కొసన ఒంటి వెంట్రుకే వాడాలని ఆయన నియమం. మూడున్నర శతాబ్దాల తరువాత పనిముట్లన్నీ మారిపోయినా, చలికాలానికి అతి చిన్న ఈగ, అతి సన్నని దారం అన్న సూత్రం చెక్కు చెదరలేదు. విచిత్రమేమంటే, కాటన్ పుట్టిన బ్రిటనులో నేడు నదులలోని బ్రౌన్ ట్రౌట్ వేటను గుడ్లు పెట్టే కాలమైన చలి నెలలలో చట్టప్రకారం మూసివేస్తారు. అక్కడి వేటగాడు ఆ రోజులలో గ్రేలింగ్ అనే వేరొక చేపతో సరిపెట్టుకుంటాడు. జనవరిలో ట్రౌట్ వేట నిజంగా వర్ధిల్లుతున్నది అమెరికాలో, అదికూడా ఒక ప్రత్యేకమైన నీటి వనరు మూలంగా.

ఆ వనరేమిటో తెలియాలంటే చలికి ఏరు ఏమవుతుందో తెలియాలి. చెరువు పైనుంచి గడ్డకడుతుంది, ఎందుకంటే నీరు 4 డిగ్రీల వద్ద అన్నిటికన్నా చిక్కగా, బరువుగా ఉంటుంది, అంతకన్నా చల్లనైన నీరు తేలికై పైకి తేలి అక్కడ మంచుపలక అవుతుంది. సుడులు తిరుగుతూ పారే కొండవాగులో ఈ పొరలు నిలవవు. కఠినమైన రాత్రులలో వాగు నీరంతా సున్నాకు వెంట్రుకవాసి కిందికి చల్లబడి, నీటి నిండా సూదుల వంటి మంచు పలుకులు పుట్టుకొస్తాయి. దీనికి ఫ్రేజిల్ అని పేరు. ఆ పలుకులు అడుగున ఉన్న రాళ్లను పట్టుకుని తెట్టుకడితే దానిని లంగరు మంచు అంటారు. పొద్దెక్కి ఎండ తగలగానే అది రాళ్లను వదిలి, ఇసుకనూ, పురుగులనూ వెంటబెట్టుకుని పైకి తేలి కొట్టుకుపోతుంది. అటువంటి ఏటిలో గాలం వేయడం అసాధ్యం, చేపకు కూడా అది గడ్డుకాలమే.

పెద్ద ఆనకట్ట దిగువన కథ వేరు. లోతైన జలాశయంలో అడుగు నీరు ఎండాకాలపు వేడికి గాని, శీతాకాలపు గాలికి గాని లొంగక ఏడాది పొడవునా నాలుగైదు డిగ్రీల చుట్టూనే ఉంటుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు పైనుంచి దూకే నీటిని తెలుగువారు చూసినదే. ఇక్కడ సంగతి అది కాదు, జలాశయం లోతు నుంచి తూముల ద్వారా, విద్యుత్ కేంద్రం ద్వారా నిత్యం బయటికి వచ్చే నీటిది. ఆ నీరు పడే నదీభాగాన్ని టెయిల్‌వాటర్, అంటే ఆనకట్ట దిగువ ఏరు అని వ్యవహరిస్తారు. వేసవిలో చుట్టుపక్కల నేల మండిపోతున్నా అది చల్లగా ఉంటుంది, శీతాకాలంలో చుట్టుపక్కల వాగులన్నీ గడ్డకట్టినా అది పారుతూనే ఉంటుంది. ఒండ్రుమట్టి జలాశయంలోనే దిగిపోవడం వలన నీరు అద్దంలా తేటగా వస్తుంది. జనవరి ఉదయాలలో అటువంటి ఏటి మీద లేచే ఆవిరిపొగను చూసి నీరు మరుగుతోందా అని భ్రమపడవచ్చు. నిజానికి 5 డిగ్రీల నీరు, మైనస్ 15 డిగ్రీల గాలి కన్నా ఎంతో వెచ్చన కావడమే దానికి కారణం.

న్యూమెక్సికో రాష్ట్రంలోని శాన్ హువాన్ నది ఇందుకు చక్కని ఉదాహరణ. కొలరాడో పర్వతాలలో పుట్టి, న్యూమెక్సికోలోకి దిగి, యూటా రాష్ట్రంలో కొలరాడో నదిలో కలిసే ఈ నదికి అడ్డంగా 1962లో నవాహో ఆనకట్ట పూర్తయింది. 1956 నాటి కొలరాడో నది జలనిల్వ చట్టం కింద కట్టిన ఈ మట్టికట్ట ఎత్తు 402 అడుగులు. నవాహో ప్రజల భూములకు సాగునీరు అందించడం దీని ముఖ్యోద్దేశాలలో ఒకటి. ఆ పథకానికి 1962లోనే అమెరికా కాంగ్రెస్ ఆమోదం తెలిపి, 1,10,630 ఎకరాల ఆయకట్టును నిర్దేశించింది. జలాశయం నిండినప్పుడు రోసా, ఆర్బోలెస్ వంటి స్పానిష్ మూలాల రైతుల ఊళ్లు మునిగిపోయాయి. ముంపు గ్రామం అన్న మాటకు ఎంత బరువుందో తెలుగు శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. ట్రౌట్ సంగతి ఈ లెక్కలలో దేనికీ మూలం కాదు. ఒకప్పుడు వేసవిలో వెచ్చగా, బురదనీటితో పారిన నది, కట్ట దిగువన ఏడాదంతా చల్లగా, తేటగా మారడంతో, అక్కడ వదిలిన రెయిన్‌బో ట్రౌట్ విపరీతంగా పెరిగాయి. బ్రౌన్ ట్రౌట్ సొంతంగా గుడ్లు పెట్టి నిలదొక్కుకున్నాయి. కట్ట నుంచి దిగువకు సుమారు నాలుగు మైళ్ల నదీభాగాన్ని ప్రత్యేక నిబంధనలతో కాపాడుతున్నారు, చలికాలంలో అమెరికా నలుమూలల నుంచీ వేటగాళ్లు అక్కడికే చేరుతారు. ప్రకృతి ఒడిలోకి వెళుతున్నామని అనుకుంటూ వెళ్లేవారు చేరేది నిజానికి ఒక ఇంజనీరింగ్ కట్టడం తూము దగ్గరకు. నీటిమట్టం సైతం వాన మీద కాక, అధికారులు ఏ వారం ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నదాని మీద ఆధారపడుతుంది.

ఈ ఏటి అడుగున ట్రౌట్‌కు దొరికే ఆహారంలో సింహభాగం మిడ్జ్ అనే పురుగుది. ఇది దోమలాగే కనిపించే, కాని కుట్టని చిన్న రెక్కల పురుగు. శాస్త్రవేత్తలు దీని కుటుంబాన్ని కైరోనోమిడే అంటారు. చెరువు దగ్గరి ఇళ్లలో సాయంత్రం దీపం చుట్టూ ముసిరే సన్నని పురుగులలో ఈ కుటుంబం వారూ ఉంటారు. గుడ్డు నుంచి వెలువడిన డింభకం, అంటే లార్వా, ఏటి అడుగు బురదలో పురుగులా బతుకుతుంది. కొన్ని జాతుల డింభకాలకు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వంటి పదార్థమే ఉండి ఎర్రగా కనిపిస్తాయి. అక్వేరియం చేపలకు మేతగా దుకాణాలలో అమ్మే ఎర్రపురుగులు ఇవే. డింభకం ప్యూపా దశకు మారి, చర్మం కింద చేరిన గాలి బుడగ సాయంతో మెల్లగా పైకి తేలి, నీటి ఉపరితలం మీద చర్మం చీల్చుకుని రెక్కలతో ఎగిరిపోతుంది. మిగిలిన పురుగులు చాలావరకు వసంతం కోసం ఎదురుచూస్తుండగా, మిడ్జ్ మాత్రం నడిచలికాలంలో కూడా మధ్యాహ్నపు వెలుతురుకు రెక్కలు విప్పుతుంది. ఇక తిండికి ట్రౌట్‌కు వేరే దిక్కేముంది?

మిడ్జ్ ఎంత చిన్నదో వేటగాడి ఈగ కూడా అంత చిన్నదిగానే ఉండాలి. కొక్కేల కొలతలో అంకె పెరిగినకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. వేసవిలో 12, 14 అంకెల కొక్కేలు చాలితే, శీతాకాలపు శాన్ హువాన్ మీద 20 నుంచి 26 వరకు వాడతారు. 22వ అంకె ఈగ జీలకర్ర గింజంత, 26వది నువ్వుగింజ కన్నా కాస్త పెద్దది. నల్లని దారాన్ని కొక్కేనికి చుట్టి, దాని మీద వెండిరంగు తీగను ఎడంగా మెలివేస్తే చారలు తేలి ‘జీబ్రా మిడ్జ్’ అవుతుంది; చూడటానికి అందులో ఏ కళా కనిపించదు, ట్రౌట్‌కు మాత్రం అది ప్యూపాగా తోస్తుంది. ఇంత చిన్న కొక్కెం కంట్లోకి లావు దారం దూరదు కనుక 6ఎక్స్, 7ఎక్స్ అనే కొసదారాలు అవసరమవుతాయి. ఈ గుర్తుల వెనక ఒక చిన్న లెక్క ఉంది: 11 నుంచి ఎక్స్ ముందున్న అంకెను తీసివేస్తే దారం మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన వస్తుంది. ఆ ప్రకారం 6ఎక్స్ దారం అంగుళంలో వెయ్యింట ఐదు వంతులు, అంటే 0.127 మిల్లీమీటర్లు, మనిషి తలవెంట్రుక కన్నా కాస్త లావు. వణికే వేళ్లతో అటువంటి దారాన్ని అటువంటి కొక్కేనికి ముడివేయడమే ఈ వేటలో అన్నిటికన్నా కష్టమైన పని అంటే అతిశయోక్తి కాదు. సూదిలో దారం ఎక్కించలేక మనుమరాలిని పిలిచే అమ్మమ్మ అవస్థను దీనితో పోల్చవచ్చు, కాకపోతే ఇక్కడ పిలవడానికి మనుమరాలు ఉండదు.

ఎర వేసే తీరు చూడటానికి సాదాగా ఉంటుంది. కొసదారం మీద ఆవగింజంత లోహపు గుండు ఒకటి, దానికి పైన మన గాలపు బెండు వంటి చిన్న రంగుల తేలుడు బిళ్ల ఒకటి, కింద అడుగున్నర ఎడంగా రెండు ఈగలు కడతారు. ప్రవాహానికి ఎగువగా దీనిని వేస్తే ఈగలు అడుగుకు దిగి, చేపల వైపు కొట్టుకుపోవాలి. ఇబ్బంది ఎక్కడంటే, ఏటి అడుగున ఉన్న నీరు రాళ్ల రాపిడి వలన నిదానంగా, పైనున్న నీరు వడిగా పారుతాయి. పైనీరు దారాన్ని లాగితే అడుగున ఈగ కూడా లాగబడి, నిజమైన పురుగు ఎన్నడూ పోనంత వేగంగా పోతుంది. ఈ ఈడ్పును చేప క్షణంలో పసిగడుతుంది. అందుకని వేటగాడు కర్ర కొసతో దారాన్ని ఎత్తి ఎగువకు వంపు తిప్పుతూ, ఈగ తన మానాన తాను పోయే వీలు కల్పిస్తాడు. చల్లని నీటిలోని చేప ఎరను గుంజదు, నోరు తెరిచి మూస్తుందంతే. బెండు మునగదు, ఒక్క క్షణం నిలుస్తుంది లేదా రవ్వంత పక్కకు ఒరుగుతుంది. ఆ మాత్రం సూచనకు కర్ర ఎత్తినవాడికి చేప దక్కుతుంది. ఒకే మడుగులో, ఒకే గీత వెంట, రెండు మూడు గుండ్లు కలిపో తీసో, నూరుసార్లు అదే పని చేయవలసి రావడం మామూలే.

వేసవి వేటగాడు తెల్లవారకముందే లేవాలి. శీతాకాలపు వేటగాడికి ఆ బాధ లేదు. ఉదయం పది దాటి ఎండ ఏటి మీద పడేదాకా చేపగాని పురుగుగాని కదలవు, మూడు గంటలకు కొండనీడ కమ్ముకోగానే మళ్లీ సద్దుమణుగుతాయి. బద్ధకస్తులకు ఇంతకన్నా అనువైన వేట లోకంలో లేదేమో. ఆ నాలుగైదు గంటలలో మాత్రం చలి తన వాటా తాను వసూలు చేసుకుంటుంది. దారాన్ని లోనికి లాగిన ప్రతిసారీ దానితో వచ్చిన నీటి తడి, కర్ర పొడవునా ఉన్న తీగ రింగులలో గడ్డకట్టి, కొంతసేపటికి దారం కదలకుండా బిగుసుకుంటుంది. వేళ్లతో విరగగొట్టబోతే రింగులే విరుగుతాయి. తెలిసినవారు కర్రను ఏటిలో ముంచుతారు. గాలి కన్నా నీరు వెచ్చన గనుక మంచు దానంతటదే కరిగిపోతుంది. దారాన్ని మాటిమాటికీ లాగకుండా ఒకే కొలతలో ఉంచి వేయడం ఇంకా మేలు.

దుస్తుల విషయంలో ముఖ్యమైన నియమం నూలుబట్టను దగ్గరకు రానీయకపోవడం. నూలు చెమటను పీల్చి ఒంటికి అంటుకుని వేడిని హరిస్తుంది. ఊలు తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. ఛాతీ దాకా వచ్చే, నీరు చొరని వేడర్ అనే తొడుగు కింద పొరలు పొరలుగా బట్టలు వేసుకుంటారు. మేజోళ్లు మాత్రం రెండు జతలు ఇరికించి తొడిగితే నెత్తురు పారక కాళ్లు మరింత బిగుసుకుపోతాయి. నాచుపట్టిన రాళ్ల మీద జారకుండా ఒకప్పుడు బూట్లకు ఫెల్ట్ అనే నొక్కిన ఊలు అడుగులు వేసేవారు. మంచులో అవి ముద్దలు కట్టుకుని మనిషిని పొయ్యిగడ్డల మీద నిలబెట్టినట్లు చేస్తాయి. పైగా తడి ఆరని ఊలులో ఒక నది నాచు, రోగక్రిములు మరో నదికి చేరుతున్నాయని 2008లో న్యూజిలాండ్ వాటిని నిషేధించగా, అమెరికాలో కొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. జారి పడటం ఇక్కడ నవ్వులాట కాదు. అంతటి చల్లని నీటిలో పడగానే మొదటి నిమిషంలో ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాసలో నీరు మింగే ప్రమాదం ఉంది. ఆ తరువాత పది నిమిషాలలో చేతులు కాళ్లు పట్టుతప్పుతాయి. వేడర్ నడుముకు పటకా బిగించుకోవడం, ఒంటరిగా వెళ్లకపోవడం, పొడిబట్టల మూట బండిలో సిద్ధంగా ఉంచుకోవడం అందుకే.

ఏటి అడుగు మీద వేసే ప్రతి అడుగుకూ ఇంకొక లెక్క కూడా ఉంది. బ్రౌన్ ట్రౌట్ శరత్తు చివరిలో గులకరాళ్లను తోకతో తవ్వి గుంటచేసి, గుడ్లు పెట్టి, వాటిని మళ్లీ రాళ్లతో కప్పుతుంది. రెడ్ అనే ఈ గూడు, నాచులేని శుభ్రమైన రాళ్ల వలన చుట్టుపక్కల కన్నా లేతరంగులో మెరుస్తుంది. చల్లని నీటిలో గుడ్డు పొదగడానికి నెలలు పడుతుంది కనుక శీతాకాలమంతా అవి రాళ్ల సందులలోనే ఉంటాయి. ఒక్క బూటు పడితే ఎన్నో నలిగిపోతాయి. శాన్ హువాన్ మీద దీనికి తోడు మరో దురలవాటు పుట్టింది. వేటగాడు కాళ్లతో అడుగును కెలికితే లేచిన పురుగుల కోసం చేపలు అతని కాళ్ల వెనకే గుమిగూడుతాయి, అక్కడే గాలం వేసుకోవచ్చు. ‘శాన్ హువాన్ షఫుల్’ అని ఆ నది పేరుతోనే ప్రసిద్ధికెక్కిన ఈ పద్ధతిని న్యూమెక్సికో రాష్ట్రం నిషేధించింది.

ఇంత కష్టపడి పట్టిన చేపను వదిలివేయడం గోదావరి తీరపు పల్లెకారుకు వింతగా, బహుశా అన్యాయంగా కూడా తోచవచ్చు. అతనికి చేప అంటే అన్నం. ఇక్కడ అది ఆట, అదికూడా ఖరీదైన ఆట. చేపకు నొప్పి కలిగించి వదలడం దయ అనిపించుకుంటుందా అన్న ప్రశ్నకు తృప్తికరమైన జవాబు వేటగాళ్ల వద్ద లేదు. వదలడం ఒక పద్ధతిగా మారింది దయ వలన కాదు, లెక్క వలన: పట్టిన ప్రతివాడూ ఇంటికి తీసుకుపోతే నాలుగు మైళ్ల ఏరు ఒక్క చలికాలానికి కూడా చాలదు. అయినా వదలడంలోనూ విధి ఉంది. కొక్కెం మొన వద్ద ఉండే ఎదురుముల్లును ముందే నొక్కివేస్తారు. పొడిచేయి తగిలితే చేప ఒంటి మీది జిగురుపొర పోతుంది కనుక చేయి తడుపుకుంటారు. మైనస్ డిగ్రీల గాలిలో చేపను ఎత్తితే సున్నితమైన మొప్పలు క్షణాలలో గడ్డకట్టవచ్చు. అందుకే ఫోటో మోజును అణచుకుని నీటిలోనే కొక్కెం తీసేవాడిని మంచి వేటగాడిగా లెక్కిస్తారు. వీరి వల్ల నదికి చేరేది పూర్తిగా నష్టమే కాదు. 1950 నాటి ఒక సమాఖ్య చట్టం ప్రకారం గాలపు పనిముట్ల మీద వసూలయ్యే సుంకం చేపల సంరక్షణకు రాష్ట్రాలకు చేరుతుంది.

భారతదేశానికి ట్రౌట్‌ను తెచ్చినవారు చలిదేశపు ఆటను మరువలేని ఆంగ్లేయులు. మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1860లలో నీలగిరి వాగులలో చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో గాని అక్కడ రెయిన్‌బో ట్రౌట్ నిలవలేదు. కాశ్మీరులో 1900లో బ్రౌన్ ట్రౌట్ గుడ్లు చేరాక లిద్దర్ వంటి నదులు వాటికి నెలవయ్యాయి. డే పేరు తెలుగువారు వేరొక కారణానికి గుర్తుంచుకోదగినది; 1875 నుంచి వెలువడిన ‘ది ఫిషెస్ ఆఫ్ ఇండియా’ అనే ఆయన బృహద్గ్రంథంలో మన చేపల తెలుగు పేర్లు కూడా నమోదయ్యాయి.

మళ్లీ శాన్ హువాన్ వద్దకు వస్తే, ఆ నదికి ట్రౌట్ కన్నా పాత హక్కుదారు ఒకటుంది. కొలరాడో పైక్‌మిన్నో అనే ఆ చేప ఒకప్పుడు ఆరడుగుల వరకు పెరిగేది, గుడ్లు పెట్టడానికి వందల మైళ్లు ప్రయాణించేది. దానికి కావలసింది వెచ్చని, బురదనీటి, ఎండాకాలపు నది. ఆనకట్టల చల్లనీరు, ట్రౌట్‌కు ఎంత మేలు చేసిందో దానికి అంత కీడు చేసింది. పొరుగున ఉన్న గ్రీన్ నదిలో అయితే, ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట నిండకముందు, 1962 సెప్టెంబరులో అధికారులే రోటెనోన్ అనే విషం కలిపి, ట్రౌట్‌కు చోటుచేయడానికి పాత చేపలను వందల మైళ్ల మేర చంపారు. విషం విరుగుడుకు లొంగక, అనుకున్న చోటు దాటి దిగువనున్న రక్షిత ప్రాంతంలోకి పారింది. అయిదేళ్లకు, 1967లో, అదే ప్రభుత్వం పైక్‌మిన్నోను అంతరించిపోతున్న జీవిగా ప్రకటించింది. 1992 నుంచి శాన్ హువాన్ పరీవాహకంలో పునరుద్ధరణ కార్యక్రమం నడుస్తోంది. కట్ట దిగువన ట్రౌట్ పిల్లలను వదులుతున్న నదిలోనే, ఇంకా దిగువకు పోయి నీరు వేడెక్కిన చోట పైక్‌మిన్నో పిల్లలను వదులుతున్నారు.

ఆ కార్యక్రమం కోసమే 2006లో నవాహో ఆనకట్ట నీటి విడుదలకు కొత్త విధానం వచ్చింది. దాని ప్రకారం విడుదల 250 క్యూసెక్కుల నుంచి 5,000 క్యూసెక్కుల దాకా మారవచ్చు. జనవరిలో కొన్ని వందల క్యూసెక్కులు పారే ఏటిలో వేటగాడు నిలబడి గులకరాళ్లను లెక్కపెట్టగలడు. జలాశయంలో నీరు సరిపడా ఉన్న సంవత్సరాలలో, వసంతం చివర మంచు కరిగి, దిగువన ఫార్మింగ్టన్ పట్టణం వద్ద కలిసే అనిమస్ నది పొంగే వేళకు సరిగ్గా తూములు పూర్తిగా తెరిచి, పాతకాలపు వరదను పోలిన వరదను నదిలోకి వదులుతారు. అప్పుడు శీతాకాలంలో వేటగాళ్లు మోకాలిలోతులో నిలిచిన చోట మనిషి మునిగేంత నీరు ఉరకలెత్తుతుంది, చలికాలమంతా రాళ్ల సందులలో పేరుకున్న సన్నని మట్టి కొట్టుకుపోతుంది, ట్రౌట్లు ఒడ్డు పొదల పక్కనున్న నిదానపు నీటిలోకి తప్పుకుంటాయి, గాలపు కర్రలు కొన్ని వారాలపాటు గోడకు ఆనుతాయి.